నవ్వారా, చప్పట్లు కొట్టారా?

అమెరికా లేట్ నైట్ షోలు చూసే మనవాళ్లు ఇద్దరు ఒకచోట చేరితే చాలు, హోస్టుల పోలిక మొదలవుతుంది. జాన్ స్టూవర్ట్ తర్వాతే ఎవరైనా అంటాడొకడు. స్టూవర్ట్‌ది పాత కథ, ఇప్పుడు జాన్ ఆలివర్ ముందు ఎవరూ ఆగరంటాడు ఇంకొకడు. మా మేనల్లుడు డాలస్‌లో ఉంటాడు. వర్క్ వీసా మీద వెళ్లినవాడు కనుక అక్కడ ఓటు లేదు. పన్ను కడతాడు, గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తాడు, రాత్రి పదిన్నర దాటాక స్టీఫెన్ కోల్‌బేర్‌ని చూసి నవ్వుతాడు. ఆ దేశ రాజకీయాల్లో ప్రస్తుతానికి వాడి వాటా ఆ నవ్వే. వాడు పడుకునేముందు చూసింది నాకు మర్నాడు భోజనాల వేళకి యూట్యూబ్‌లో ముక్కలు ముక్కలుగా దిగుతుంది. వెనకే వాడి ప్రశ్న కూడా దిగుతుంది: ఈ వారం ఎవరు బాగా చేశారు మామయ్యా?

ఈ ప్రశ్నకి జవాబు వెతకడానికి నేనొక పద్ధతి పెట్టుకున్నాను. హోస్టుని చూడటం కాసేపు మానేసి, హాల్లో కూర్చున్నవాళ్లని వింటాను. నవ్వుతున్నారా, చప్పట్లు కొడుతున్నారా? తెర మీద రెండూ కలిసిపోయి ఒకే సందడిలా వినిపిస్తాయి గానీ, చెవి పెడితే తేడా తెలిసిపోతుంది. నవ్వు మన చేతిలో ఉండదు. చప్పట్లు మన చేతుల్లోనే ఉంటాయి. జోకు తగిలితే, దాంతో మనకి పేచీ ఉన్నా సరే, నవ్వు ఆగదు. చప్పట్లు కొట్టాలంటే మాత్రం ముందు మనం ఒప్పుకోవాలి. ‘సరిగ్గా చెప్పావు, నేనూ అదే అనుకుంటున్నాను’ అని ముద్ర వెయ్యడమే చప్పట్లంటే. నవ్వు రావలసిన చోట చప్పట్లు వచ్చాయంటే ఆ క్షణానికి కమెడియన్ దిగిపోయి నాయకుడు ఎక్కాడన్నమాట. ఆ వృత్తిలోవాళ్లు ఇలాంటి చప్పట్లకి వెక్కిరింపుగా ‘క్లాప్టర్’ అని పేరు కూడా పెట్టుకున్నారు. పెట్టింది సెత్ మేయర్స్ అంటారు. ఆ మేయర్స్‌కే తర్వాత, తనూ హోస్టయ్యాక, అవి రోజూ పడ్డాయి. పేరు పెట్టినంత మాత్రాన తప్పించుకోలేం.

ఆ హాల్లో ఉండేది ఎవరో కూడా చూడాలి. ఈ షోలకి టిక్కెట్టు ఉచితం. ముందుగా పేరు నమోదు చేసుకుని, వచ్చి బయట వరసలో నిలబడాలి. లోపలికి వెళ్లాక హోస్ట్ రాకముందే ఒక చిన్న కమెడియన్ వచ్చి వాళ్లని వేడెక్కిస్తాడు, గట్టిగా నవ్వండని చెప్తాడు. అంత శ్రమపడి న్యూయార్క్‌లోని ఎడ్ సల్లివాన్ థియేటర్‌కి వచ్చినవాడు కోల్‌బేర్‌తో వాదన పెట్టుకోవడానికి రాడు. ఈ సంగతి మరిచిపోయి ‘అమెరికా అంతా పగలబడి నవ్వింది’ అని రాసే విలేఖరులున్నారు. నవ్వింది ఆ నాలుగైదు వందలమంది.

మన బుర్రకథలో ఈ పనిని ముగ్గురు పంచుకుంటారు. మధ్యలో కథకుడు, కుడివైపు వంత రాజకీయం, ఎడమవైపు వంత హాస్యం. రాజకీయం చెప్పేవాడు లోకంలో జరుగుతున్నది ఎత్తిపొడుస్తాడు, హాస్యం చేసేవాడు కథ బరువెక్కినప్పుడల్లా దించుతాడు. అమెరికన్ లేట్ నైట్ హోస్ట్ బల్ల వెనక కూర్చుని ఈ మూడు వేషాలూ ఒక్కడే కడతాడు. ఇక ‘తందాన తాన’ అనడానికి హాలంతా ఉంది. కుడివంత గొంతు పెద్దదైనకొద్దీ ఎడమవంత నోరు మూతపడుతుందా లేదా అన్నదగ్గరే ఈ హోస్టుల మధ్య అసలు తేడా కనిపిస్తుంది.

జానీ కార్సన్ దగ్గర కుడివంత లేనేలేదు. 1962 నుంచి 1992 దాకా ముప్ఫయ్యేళ్లు ‘టునైట్ షో’ నడిపాడు. నిక్సన్, ఫోర్డ్, కార్టర్, రీగన్, అందరిమీదా వేశాడు జోకులు. అతను ఎవరికి ఓటేస్తాడో మాత్రం చూసేవాడికి అంతుపట్టలేదు. అది పిరికితనమని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. నాకలా అనిపించదు. అమెరికాకి మూడే పెద్ద ఛానళ్లున్న కాలమది. రెండు పార్టీలవాళ్లూ ఒకే తెర ముందు కూర్చునేవాళ్లు. సగంమందిని దూరం చేసుకునే స్వేచ్ఛ అతనికి లేదు. అందుకే అతని హాల్లో చప్పట్ల బలం లేదు, నవ్వు మీదే బతకాలి. జోకు పేలకపోతే కార్సన్ ఏం చేసేవాడో చూడండి. ఆగుతాడు, హాలుకేసి చూస్తాడు, జోకు చచ్చిపోయిన సంగతి మీదే ఇంకో జోకు వేస్తాడు. దానికి మొదటి జోకుకి రావలసిన నవ్వుకి రెట్టింపు వస్తుంది. నిశ్శబ్దాన్ని అంత లాభంగా మార్చుకున్న హోస్ట్ మళ్లీ రాలేదు. రాజకీయంగా అతను చేసింది పెద్దగా లేదన్నమాట నిజమే. నవ్వు విషయంలో మాత్రం అతని తూనిక ఖచ్చితం.

కేబుల్ ఛానళ్లు వచ్చాక ఆ ఒక్క తెరా ముక్కలైంది. చిన్న ఛానల్‌కి సగం దేశం అక్కర్లేదు, తమవాళ్లు కొద్దిమంది గట్టిగా నిలబడితే చాలు. ‘డైలీ షో’ 1996లో కామెడీ సెంట్రల్‌లో మొదలైనప్పుడు అది ఉత్త వెక్కిరింతల వార్తలు. 1999 జనవరిలో స్టూవర్ట్ వచ్చాక దాని స్వభావం మారింది. అతని ఆయుధం చాలా సాదా. ఒక నాయకుడు నిన్న అన్నమాట చూపిస్తాడు. అదే నాయకుడు కొన్నేళ్ల క్రితం దానికి సరిగ్గా ఎదురుగా అన్నమాట చూపిస్తాడు. తర్వాత మాట్లాడకుండా ముఖం పెడతాడు. కనుబొమ పైకి, పెదవి కిందకి. ఆ ముఖానికి వచ్చే నవ్వు అసలైన నవ్వు. ఎందుకంటే అక్కడ జోకు స్టూవర్ట్ రాసింది కాదు, నాయకుడు తనకి తానే రాసుకున్నది. పాత టేపులు తవ్వి పక్కపక్కన పెట్టే ఈ పని వార్తా ఛానళ్లు చెయ్యాల్సింది. అవి చెయ్యలేదు కనుకే కమెడియన్ చేశాడు, చేసి పేరు తెచ్చుకున్నాడు.

2004 అక్టోబర్‌లో స్టూవర్ట్ సీఎన్ఎన్ ‘క్రాస్‌ఫైర్’కి అతిథిగా వెళ్లాడు. ఇటూ అటూ ఇద్దరు కూర్చుని అరుచుకునే కార్యక్రమమది. ఇప్పుడు మన తెలుగు ఛానళ్లలో ఏడు గంటలకి నడిచేదే. నవ్విస్తాడని పిలిచారు. అతను నవ్వించనన్నాడు, మీరు చేస్తున్నది చర్చ కాదు, నాటకం, దేశానికి చెడు చేస్తున్నారన్నాడు. ఆ ఇద్దరిలో ఒకడైన టక్కర్ కార్ల్‌సన్ సరదాగా ఉండమని పోరుపెడితే, మీ కోతిని కానన్నాడు. మూడు నెలలు తిరక్కుండా సీఎన్ఎన్ ఆ కార్యక్రమం ఎత్తేస్తున్నామని చెప్పింది. ఇదంతా వీరగాథలా చెప్పుకుంటారు. నాకు అందులో ఒక్క మాట మీద అభ్యంతరం ఉంది. నువ్వు మాత్రం నాయకుల్ని గట్టిగా అడుగుతున్నావా అని వాళ్లు ఎదురు ప్రశ్న వేస్తే, నా షోకి ముందొచ్చేది బొమ్మలు ఫోన్లు చేసి ఆటపట్టించే కార్యక్రమం, నన్ను వార్తలవాళ్లతో పోలుస్తారేంటన్నాడు. ఎదుటివాడికి బాధ్యత గుర్తుచేసేటప్పుడు పౌరుడు, తనదాకా వస్తే విదూషకుడు! రెండు కుర్చీలూ ఒకేసారి కావాలంటే ఎలా?

అయితే ఆ విదూషకుడి కుర్చీలోంచి దిగిన రోజులూ ఉన్నాయి. 2010 డిసెంబర్‌లో, సెప్టెంబర్ 11 శిథిలాల్లో పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న సిబ్బంది వైద్యానికి నిధులిచ్చే బిల్లు సెనేట్‌లో ఇరుక్కుంది. స్టూవర్ట్ ఆ సిబ్బందిలో నలుగురిని కూర్చోబెట్టి మాట్లాడించాడు. హాలు దాదాపుగా నోరెత్తలేదు. ఆ నెలలోనే బిల్లు గట్టెక్కింది. 2015 జూన్‌లో చార్ల్‌స్టన్ చర్చిలో తొమ్మిదిమంది నల్లజాతివాళ్లని కాల్చి చంపిన మర్నాడు, ఈ పూట నా దగ్గర జోకుల్లేవని మొదలుపెట్టాడు. నవ్వించి బతికేవాడు నవ్వించకుండా అయిదు నిమిషాలు నిలబడాలంటే ధైర్యం మాత్రమే చాలదు, అప్పటిదాకా నిజంగా నవ్వించి ఉండాలి.

కోల్‌బేర్ దారి వేరు. 2005 అక్టోబర్ నుంచి 2014 డిసెంబర్ దాకా ‘కోల్‌బేర్ రిపోర్ట్’లో అతను అతను కాదు. ఫాక్స్ న్యూస్ తరహా దేశభక్త వ్యాఖ్యాత, తనమీద తనకి అపారమైన ప్రేమ, వాస్తవాలంటే చిరాకు. ఆ వేషం వారానికి నాలుగు రాత్రుల చొప్పున తొమ్మిదేళ్లు. మనకి వేషం కట్టి వెక్కిరించే పద్ధతి కొత్త కాదు. పగటివేషగాడు కరణం వేషం వేసుకొచ్చి కరణం ఇంటిముందే నిలబడేవాడు. కోల్‌బేర్ వెళ్లి నిలబడింది అధ్యక్షుడి ముందు. 2006 ఏప్రిల్ 29న వైట్‌హౌస్ విలేఖరుల విందులో జార్జ్ బుష్‌కి నాలుగడుగుల దూరంలో నిలబడి, అదే వేషంలో, ఆయన్ని పొగడ్తలతో చీల్చాడు. పక్కనే విలేఖరుల్నీ వదల్లేదు. ప్రభుత్వం చెప్పింది రాసుకుని ఇంటికి పోయేవాళ్లని వాళ్ల మొహంమీదే అన్నాడు. ఆ రికార్డింగు వినండి. చాలాచోట్ల గొంతులు సవరించుకోవడమే వినిపిస్తుంది. సుప్రీంకోర్టు న్యాయమూర్తి స్కాలియా మాత్రం తన మీద వేసిన జోకుకి ఒళ్లు కదిలేలా నవ్వాడు. మిగతావాళ్లు పక్కవాడు నవ్వుతాడేమోనని చూస్తూ ఆగిపోయారు. మర్నాటి పత్రికల్లో అతను తుస్సుమన్నాడని రాసినవాళ్లున్నారు. ఇంటర్నెట్‌లో మాత్రం లక్షలమంది చూశారు. నవ్వు ఆ హాల్లో పుట్టలేదు, ఊళ్లలో పుట్టింది. హోస్టుల పోలికలో నేను అన్నిటికంటే పైన పెట్టేది ఈ ఇరవై నిమిషాల్నే.

ఆ వేషంలో ఒక చిక్కుంది. 2009లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అచ్చువేసిన ఒక అధ్యయనం ఉంది. ఉదారవాదులూ, సంప్రదాయవాదులూ ఇద్దరూ కోల్‌బేర్‌కి సమానంగానే నవ్వారట. కానీ సంప్రదాయవాదుల్లో ఎక్కువమంది, ఇతను పైకి జోకు వేస్తున్నట్టు నటిస్తున్నాడు గానీ లోపల మనవాడేనని అనుకున్నారట. అంటే ఒకే జోకుకి రెండు వర్గాలు ఒకరిమీద ఒకరు నవ్వుకున్నాయి. వ్యంగ్యం జనం మనసు మారుస్తుందని నమ్మేవాళ్లకి ఇది చేదువార్త. నాకు మాత్రం ముచ్చటేసింది. చప్పట్లతో ఇది కుదరదు. ఎవరికి కొడుతున్నామో తెలియకుండా చప్పట్లు కొట్టలేం.

అదే వేషంలో కోల్‌బేర్ 2011లో ఇంకో పని చేశాడు. ఎన్నికల్లో కంపెనీలూ ధనికులూ ఎంతైనా ఖర్చుపెట్టడానికి తలుపు తెరిచిన ‘సూపర్ ప్యాక్’ అనే ఏర్పాటు ఎలా పనిచేస్తుందో చెప్పడం మానేసి, తనే ఒకటి పెట్టాడు. ఎన్నికల కమిషన్‌కి ఒకప్పుడు ఛైర్మన్‌గా పనిచేసిన ట్రెవర్ పాటర్‌ని లాయరుగా పెట్టుకుని, ఇలా చెయ్యొచ్చా అని అడుగుతాడు. చెయ్యొచ్చంటాడు పాటర్, ముఖంలో చిరునవ్వు కూడా లేకుండా. ఇచ్చినవాడి పేరు దాచొచ్చా? దాచొచ్చు, ఇదిగో కాగితం. అభ్యర్థి తన సూపర్ ప్యాక్‌తో చెయ్యి కలపకూడదని చట్టం. అందుకని తనే అభ్యర్థినంటూ కోల్‌బేర్ తన ప్యాక్‌ని షోలోనే స్టూవర్ట్‌కి అప్పగించి, ఇప్పుడు మా ఇద్దరికీ సంబంధం లేదన్నాడు. పోగైన చందా 10 లక్షల డాలర్లు దాటింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని అనెన్‌బర్గ్ కేంద్రం తర్వాత లెక్కలు తీస్తే, ఎన్నికల నిధుల సంగతి వార్తలు చూసినవాళ్లకంటే కోల్‌బేర్‌ని చూసినవాళ్లకి ఎక్కువ తెలిసిందని తేలింది. అక్కడ నవ్వు వచ్చింది మాటకి కాదు. చట్టం ప్రకారమే అన్నీ జరుగుతున్నాయని తెలిసినందుకు.

2015 సెప్టెంబర్‌లో వేషం తీసేసి సీబీఎస్ ‘లేట్ షో’కి వచ్చిన కోల్‌బేర్ నాకు అంతగా నచ్చడు. మంచివాడు, చదువుకున్నవాడు, దుఃఖం గురించి అతిథులతో మాట్లాడితే కదిలిపోతాం. పదేళ్ల వయసులో విమాన ప్రమాదంలో తండ్రినీ ఇద్దరన్నల్నీ పోగొట్టుకున్న మనిషి. కానీ రోజువారీ ట్రంప్ మోనోలాగ్‌లో నవ్వుకంటే చప్పట్లే ముందొస్తాయి. జోకు సగంలో ఉండగానే హాలు ఒప్పేసుకుంటుంది. వేషం ఉన్నప్పుడు జనం ఒక్క క్షణం ఆగి లెక్క చూసుకోవలసి వచ్చేది: అన్నది ఏమిటి, అనుకున్నది ఏమిటి అని. ఆ క్షణంలోనే నవ్వు పుట్టేది. ముఖం బయటపడ్డాక ఆ లెక్క అక్కర్లేకపోయింది.

ఇక ఆలివర్. బర్మింగ్‌హామ్ నుంచి వచ్చిన ఈ ఆంగ్లేయుడు 2013 వేసవిలో స్టూవర్ట్ సెలవులో ఉంటే ఆ కుర్చీ చూసుకున్నాడు. 2014 ఏప్రిల్ నుంచి హెచ్‌బీఓలో ‘లాస్ట్ వీక్ టునైట్’. వారానికి ఒక్కసారి, అరగంట, ప్రకటనలు లేవు. ఈ చివరి ముక్క చిన్నది కాదు. ప్రకటన కోసం ఆగాల్సిన పని లేనివాడే ఒకే సంగతి మీద ఇరవై నిమిషాలు కూర్చోగలడు. జైలు బెయిలు, కోళ్ల పెంపకం కాంట్రాక్టులు, వైద్య అప్పులు, ఇలాంటి నిద్రపుచ్చే విషయాలు తెస్తాడు. వాక్యం వాస్తవం, తర్వాతి వాక్యం పిచ్చి ఉపమానం, మళ్లీ వాస్తవం. హాలు ఆ కొలతకి అలవాటు పడిపోయి సరిగ్గా వేళకి నవ్వుతుంది. ఆ ఉపమానాలు నాకు విసుగు, మేనల్లుడికి ప్రాణం. అయినా ఆలివర్‌ని కాదనలేను. 2014 జూన్‌లో ఇంటర్నెట్ సమానత్వం మీద మాట్లాడి, మీ అభిప్రాయాలు ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీకి పంపండంటే ఆ సంస్థ వెబ్‌సైట్ కూలబడింది. 2016లో దాదాపు కోటిన్నర డాలర్ల వైద్య బాకీల పత్రాల్ని అరవై వేల డాలర్లకి కొని, సుమారు తొమ్మిదివేలమంది అప్పు రద్దు చేసేశాడు. ఎవరైనా అంత చవగ్గా జనం అప్పులు కొనుక్కుని వాళ్ల వెంటపడొచ్చని చూపించడం దాని ఉద్దేశం. 2020 ఫిబ్రవరిలో మోదీ మీద చేసిన ఎపిసోడ్ హాట్‌స్టార్‌లో కనిపించలేదు. మనవాళ్లు యూట్యూబ్‌లో చూశారు. కుడివంతకీ ఎడమవంతకీ ఇంత క్రమశిక్షణగా చెరిసగం పంచినవాడు ఇంకొకడు లేడు. క్రమశిక్షణే అతని బలం, అదే అతని లోటు కూడా. ఆలివర్‌ని చూస్తూ ఆశ్చర్యపోతాను, ఉలిక్కిపడను.

నా చెవి లెక్క సరైనదో కాదో తేల్చే పరీక్ష 2020 మార్చిలో దానంతటదే వచ్చింది. కోవిడ్‌తో స్టూడియోలు మూతపడ్డాయి, హాళ్లు పోయాయి. వంత లేని కథకులు మిగిలారు. కోల్‌బేర్ మొదట సూటు వేసుకుని తన స్నానాల తొట్టిలో కూర్చుని మోనోలాగ్ చెప్పాడు. అప్పటి ‘డైలీ షో’ హోస్ట్ ట్రెవర్ నోవా హుడీ వేసుకుని అపార్ట్‌మెంట్‌లోంచి మాట్లాడాడు. ఆలివర్ వెనక తెల్లటి శూన్యం. మేయర్స్ అటక మీదకి ఎక్కాడు. జోకు పడుతుంది, తర్వాత ఏమీ ఉండదు. మొదటి వారాలు చూడటానికే ఇబ్బందిగా ఉండేది. తర్వాత్తర్వాత తెలిసింది, ఎవరు దేనిమీద బతుకుతున్నారో. చప్పట్ల ఆసరా మీద ఉన్నవాళ్లు ఆ నిశ్శబ్దంలో తేలిపోయారు. ఆలివర్‌కి పెద్ద తేడా రాలేదు. అందరికంటే బాగుపడింది మేయర్స్. అటకమీద పుస్తకాలు, ఒక కందిరీగ, తనమీద తనకే చిరాకు, వీటితో ఒక పిచ్చి లోకం కట్టుకున్నాడు. స్టూడియోకి తిరిగొచ్చాక కూడా ‘కరెక్షన్స్’ అని ఒక ముక్క పెట్టాడు. ఆ వారం తను చేసిన తప్పుల్ని ఎత్తిచూపుతూ యూట్యూబ్‌లో కామెంట్లు రాసే చాదస్తులకి జవాబులు. హాల్లో జనం ఉండరు, పనివాళ్లు మాత్రం ఉంటారు. కెమెరా పట్టుకున్నవాడు ఆపుకోలేక నవ్వే ఆ నవ్వు విని చూడండి, ప్రపంచంలో అంతకంటే నిజమైన నవ్వు దొరకదు. జీతానికి వచ్చినవాడికి చప్పట్లు కొట్టే అవసరం లేదు.

మన వీ6లో ‘తీన్మార్ వార్తలు’ నన్ను మొదట పట్టేసింది కూడా ఇందుకేననుకుంటాను. బిత్తిరి సత్తి మాటకి హాలు ఉండేది కాదు, ఎదురుగా సావిత్రి ఉండేది. అతను తెలంగాణ యాసలో ఏదో అంటే ఆమె విసుక్కునేది, నవ్వు మన ఇంట్లో మొదలయ్యేది. అక్కడ ఎవరూ మన బదులు ఒప్పుకునేవాళ్లు కాదు.

మిగతావాళ్లని త్వరగా దాటేస్తాను. 2015లో స్టూవర్ట్ కుర్చీలోకి వచ్చిన దక్షిణాఫ్రికా మనిషి నోవా ప్రకటనల విరామంలో హాలుతో మాట్లాడిన కబుర్లే అసలు షోకంటే బాగుండేవి. సమంతా బీ 2016 నుంచి బల్ల లేకుండా నిలబడి ఆగ్రహంతో మాట్లాడేది. రాత్రి వేళ రాజకీయ వ్యంగ్యానికి సొంత షో దొరికిన ఆడవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే, ఆమె షో కూడా 2022లో పోయింది. హసన్ మిన్హాజ్ నెట్‌ఫ్లిక్స్‌లో సౌదీ మీద చేసిన ఎపిసోడ్‌ని సౌదీ అరేబియాలో తీసేశారు. మన 2019 ఎన్నికల మీద చేసిన ఎపిసోడ్‌లో, ఈ విషయం జోలికి పోకు బాబూ అని అంకుల్స్, ఆంటీలు చుట్టూ చేరి చెప్పే దృశ్యం చూసి ఇక్కడ మేమూ నవ్వాం. అది మా ఇల్లే మరి. జిమ్మీ ఫాలన్ 2016 సెప్టెంబర్‌లో ట్రంప్ జుట్టు చెరిపి ఆడుకున్నాడు. హాలు బాగానే నవ్వింది. ఆ నవ్వుకి ఫాలన్ ఇప్పటికీ సంజాయిషీ చెప్పుకుంటున్నట్టే ఉంటాడు. ఇక బిల్ మార్. మనిషి నాకు నచ్చడు, గర్వం ఎక్కువ. 2001లో సెప్టెంబర్ 11 దాడుల మీద అన్న ఒక్క మాటకి ప్రకటనలిచ్చేవాళ్లు పారిపోయారు, మరుసటేడు ఏబీసీ షో ఆపేసింది. 2003లో హెచ్‌బీఓలో తేలాడు. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. తన హాలు ‘అయ్యో’ అని మూలిగితే అక్కడికక్కడే హాలుతోనే తగువు పెట్టుకుంటాడు. ఇంటికొచ్చిన చుట్టాల్ని కసిరేవాడు ఇతనొక్కడే.

ఇటీవల ఆ హాళ్లలో కొత్త శబ్దం ఒకటి వినిపించింది. సీబీఎస్ యజమాని పారమౌంట్, ట్రంప్ వేసిన దావాని 1.6 కోట్ల డాలర్లకి రాజీ చేసుకుంటే, కోల్‌బేర్ తన షోలోనే దాన్ని లంచమన్నాడు. మూడు రోజులకి, 2025 జులై 17న, ‘లేట్ షో’ 2026 మేతో ముగుస్తుందని హాలుకి తనే చెప్పాడు. హాలు గట్టిగా ‘బూ’ అంది. ఇది పూర్తిగా ఆర్థిక కారణమని సీబీఎస్ అంది. షోకి ఏటా కోట్ల డాలర్ల నష్టమని పత్రికలు రాశాయి కూడా. రెండూ నిజం కావచ్చు. నష్టం వచ్చే వ్యాపారాన్ని మూసెయ్యడానికి అందరికీ అనుకూలమైన ముహూర్తం దొరకడంలో వింతేముంది? రెండు నెలలకి జిమ్మీ కిమ్మెల్ వంతు. సంప్రదాయవాద కార్యకర్త చార్లీ కర్క్ హత్య తర్వాత అతనన్న మాటల మీద ఎఫ్‌సీసీ ఛైర్మన్ బ్రెండన్ కార్ బాహాటంగా హెచ్చరించాక, సెప్టెంబర్ 17న ఏబీసీ అతని షోని నిరవధికంగా ఆపింది. గొడవ ముదిరి 23న తిరిగొచ్చాడు. నెక్స్‌స్టార్, సింక్లేర్ కంపెనీల స్టేషన్లు ఇంకో మూడు రోజులు పట్టుబట్టి కూర్చున్నాయి. తిరిగొచ్చిన రాత్రి కిమ్మెల్‌కి గొంతు పూడుకుపోయింది. 2017లో పసికందు కొడుకు గుండె ఆపరేషన్ గురించి, బీమా లేని పిల్లల గురించి చెప్పినప్పుడు కూడా అంతే. హాలు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది, చాలాసేపు కొట్టింది. నా పద్ధతి ప్రకారం ఆ చప్పట్లకి తక్కువ మార్కులు వెయ్యాలి. వెయ్యలేకపోయాను. ఒకడి నోరు మూయించబోతే, పదిమంది చేతులెత్తి ఒప్పుకోవలసిన సందర్భాలూ ఉంటాయి. మర్నాటినుంచి మాత్రం అతను మళ్లీ నవ్వించాల్సిందే, ఆ చప్పట్లు వారం కూడా నిలవవు.

చప్పట్లు కొట్టే హాలుని చేజేతులా పోగొట్టుకోవడానికి సిద్ధపడినవాణ్ణి ఈమధ్య కాలంలో ఒక్కసారి చూశాను. 2024 ఫిబ్రవరి 12న స్టూవర్ట్ ఎనిమిదిన్నరేళ్ల తర్వాత ‘డైలీ షో’కి సోమవారాల హోస్టుగా తిరిగొచ్చాడు. జనం లేచి నిలబడి స్వాగతం చెప్పారు. ట్రంప్‌ని ఉతుకుతాడని వచ్చినవాళ్లే వాళ్లంతా. ఉతికాడు. తర్వాత బైడెన్ వైపు తిరిగాడు. 81 ఏళ్ల మనిషి నాలుగు రోజుల క్రితం విలేఖరుల ముందు ఈజిప్టు అధ్యక్షుణ్ణి మెక్సికో అధ్యక్షుడన్న ముక్క వేశాడు. వయసు మీద ప్రశ్నలకి సమాధానం చెప్పుకోవడం అభ్యర్థుల పనే గానీ, కనిపిస్తున్నది చూడనట్టు నటించడం ఓటర్ల పని కాదన్నాడు. ఆ భాగం నేను మళ్లీ మళ్లీ విన్నాను. చప్పట్లు తగ్గాయి. నవ్వు వస్తోంది, కానీ తడబడుతూ వస్తోంది, ఇక్కడ నవ్వొచ్చా అని తమను తాము అడుగుతున్నట్టు. కొందరు ఆపుకోలేక నవ్వేశారు. మర్నాడు డెమొక్రాట్ అభిమానులు విరుచుకుపడ్డారు, ఇద్దర్నీ ఒకే గాటన కట్టాడని. ఆ తర్వాతి సోమవారం అదే కుర్చీలో కూర్చుని ఆ తిట్ల మీద కూడా జోకులు వేశాడు. జూన్ 27 డిబేట్‌లో బైడెన్ తడబడ్డాడు, జులై 21న పోటీనుంచి తప్పుకున్నాడు. ఫిబ్రవరిలో స్టూవర్ట్ అన్నది సరైనదా కాదా అని అమెరికన్లు ఇంకా కొట్టుకుంటున్నారు, కొట్టుకోనివ్వండి. న్యూయార్క్‌లో సోమవారం రాత్రి వచ్చే స్టూవర్ట్ షో నాకు ఇక్కడ మంగళవారం మధ్యాహ్నం భోజనాల వేళకి చేరుతుంది. మిగతావాళ్ల షోలు తీరికని బట్టి చూస్తాను. ఇది మాత్రం అన్నం చల్లారిపోతున్నా పూర్తయ్యేదాకా చూస్తాను.